60 వేల లోపు పాత హై-ఎండ్ స్పీకర్లు: 10×12 గదికి ఏవి, ఏం చూసి కొనాలి?

#1 నాగావళి_గట్టు
శ్రీకాకుళం టౌను. గది 10×12 అడుగులు, కప్పు ఎత్తు 10 అడుగులు. స్లాబు, ఇటుక గోడలు, కింద విట్రిఫైడ్ టైల్స్. యాంప్ (యాంప్లిఫయర్) యమహా ఏ-ఎస్301, 60 వాట్లది, దాన్ని మార్చను. వినేది ఎక్కువగా కర్ణాటక సంగీతం, పాత సినిమా పాటలు, కొంచెం జాజ్. స్పీకర్లు, స్టాండ్లు, వైరు అన్నీ కలిపి 60 వేలు. ఇంత డబ్బుకి కొత్తవాటిలో మంచివి రావు కాబట్టి పాతవే చూస్తున్నాను. ప్రస్తుతం మూడు జతలు కనబడుతున్నాయి:

కెఫ్ ఎల్ఎస్50, మొదటి తరం, విశాఖలో, 45 వేలు అంటున్నారు.
బీ అండ్ డబ్ల్యూ 685, విజయనగరంలో, 24 వేలు.
12 అంగుళాల ఊఫర్ (బాస్ పలికే పెద్ద కోన్) ఉన్న పాత అమెరికన్ నిలువు స్పీకర్లు, విశాఖలోనే, 38 వేలు. కంపెనీ పేరు రాయను, అమ్మే ఆయన ఇది చదువుతున్నా చదువుతుండొచ్చు. ఊఫర్ అంచున ఉండే "ఫోమ్ కొత్తగా వేయించాం" అంటున్నారు.

మనసు మూడోదాని మీదే ఉంది. చెప్పండి.

#2 పలాస_జీడిపప్పు
మూడోదే తీసుకోండి మాస్టారూ. 12 అంగుళాల ఊఫర్ గాలిని తోసే తోపు 5 అంగుళాలకి ఎక్కడొస్తాది? డోలు అంటే డోలు లాగ ఉండాల.

#3 కోటగుమ్మం
జీడిపప్పు గారూ, తోపు నిజమే, కానీ ఆ తోపు పోయేదెక్కడికి? ముందు గది లెక్క చూద్దాం.

ధ్వని వేగం సెకనుకి సుమారు 343 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని రెట్టింపు చేసి, దాంతో 343ని భాగిస్తే ఆ గోడల మధ్య ఇరుక్కుని మోగే మొదటి బాస్ స్వరం వస్తుంది. 12 అడుగులు, అంటే 3.66 మీటర్లకి 47 హెర్ట్జ్. 10 అడుగులు, అంటే 3.05 మీటర్లకి 56 హెర్ట్జ్. మీ గదికి వెడల్పూ ఎత్తూ రెండూ పదడుగులే. కాబట్టి 56 దగ్గర రెండు దెబ్బలూ ఒకేచోట పడతాయి. 35, 40 హెర్ట్జ్ దాకా దిగే పెద్ద స్పీకరు పెడితే మృదంగం తొప్పి మీద ఏ దెబ్బ పడినా అదే 'బొయ్' మని మోగుతుంది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ తేడా తెలియదు.

ఇంకో మాట. అమెరికా రివ్యూలు చాలావరకు చెక్క చట్రం, జిప్సం బోర్డు గోడల ఇళ్ళలో విని రాసినవి. ఆ గోడలు కొంత బాస్‌ని బయటికి వదిలేస్తాయి. మన ఇటుక గోడ, స్లాబు దాదాపు ఏమీ వదలవు. అక్కడ 'బాస్ తక్కువ' అనిపించుకున్న స్పీకరు ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. ఎల్ఎస్50కి కంపెనీ ఇచ్చిన లెక్క ±3 డీబీ (డెసిబెల్) తేడాలో 79 హెర్ట్జ్ దాకానే, శబ్దం 6 డీబీ పడిపోయే చోటు 47. కాగితం మీద తక్కువే కానీ మీ గది అడుగున కొంత తనే కలుపుతుంది.

#4 పలాస_జీడిపప్పు
సరే గానీ మాస్టారూ, చిన్న స్పీకర్లు గట్టిగా పెడితే కీచుమంటాయి కదా. దానికేటంటారు?

#5 ఓమ్స్_లెక్క
దానికీ లెక్కే. ఎల్ఎస్50 సెన్సిటివిటీ 85 డీబీ: 2.83 వోల్టులిస్తే మీటరు దూరంలో అంత. రెండు స్పీకర్లు కాబట్టి 3 కలపండి. 7 అడుగుల దూరంలో కూర్చుంటే మూసిన గదిలో 5 వరకు పోతుందనుకోండి. 83 మిగిలింది. 60 వాట్లు అంటే 1 వాటు మీద సుమారు 18 డీబీ ఎక్కువ. మొత్తం 100, 101 డీబీ శిఖరాలు. పక్కవాళ్ళు తలుపు కొట్టడానికి అది చాలు. 685కి 88 డీబీ, అంటే అదే శబ్దానికి సగం వాట్లు సరిపోతాయి.

చిన్న స్పీకర్లు కీచుమనేది ఎక్కువగా యాంప్ చాలకపోవడం వల్ల. వాల్యూం నాబు మూడొంతులు దాటించి తిప్పితే యాంప్ తరంగం తల తెగిపోతుంది. అలా తెగిన తరంగంలో పై ఫ్రీక్వెన్సీల శక్తి పెరిగి, పై స్వరాలు పలికే చిన్న ట్వీటర్ లోపలి తీగచుట్ట (కాయిల్) కాలుతుంది. పాత స్పీకర్లలో చచ్చిన ట్వీటర్లు చాలా పెద్ద యాంప్ వల్ల కాదు, చిన్న యాంప్‌ని గుంజడం వల్ల చచ్చినవే.

#6 నాగావళి_గట్టు
అర్థమైంది. అయితే చూడ్డానికి వెళ్ళినప్పుడు చేతిలో ఏముండాలి? ఏ వరుసలో చూడాలి?

#7 ఓమ్స్_లెక్క
టార్చి, డిజిటల్ మల్టీమీటరు, ఒక పెన్సిలు సెల్లు, స్క్రూడ్రైవరూ అలెన్ కీలూ, ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్, ఫోన్ నుంచి యాంప్‌కి కేబుల్. ఇవి లేకుండా వెళ్తే వినేది స్పీకర్ని కాదు, అమ్మేవాడి కబుర్లని.

కరెంటు పెట్టకముందే చూడాల్సినవి. పెట్టె అడుగు భాగం: తడి తగిలిన ఎండీఎఫ్ (చెక్కపొడి పలక) ఉబ్బుతుంది, అడుగు అంచు మీద స్కేలు ఆనిస్తే మధ్యలో వెలుగు కనబడుతుంది. పోర్ట్‌లో (పెట్టెకుండే గాలి గొట్టం) టార్చి వేసి లోపల బల్లి గుడ్లు, ఎలక కొరికిన దూది, చెద మట్టి ఉన్నాయేమో చూడండి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిన వాసన వస్తే లోపల బూజు పట్టి ఉంటుంది, ఊఫర్ వెనకాల పసుపురంగు స్పైడర్ గుడ్డకి కూడా. తర్వాత స్క్రూల తలలు. గీతలు పడి ఉంటే ఎవరో విప్పారు. విప్పడం నేరం కాదు, ఎందుకు విప్పారో చెప్పకపోతేనే అనుమానం.

ఊఫర్ అంచు ముఖ్యం. రబ్బరు అంచు చాలా ఏళ్ళు ఉంటుంది. ఫోమ్ అంచు పదిహేను, ఇరవై ఏళ్ళకి పొడి అవుతుంది, మన తీరంలో తేమకి ఇంకా బేగి పోతుంది. వేలితో నొక్కితే జిగటగా అంటుకున్నా, పొడి రాలినా పని అయిపోయినట్టే.

తర్వాత కోన్. రెండు చేతుల నాలుగు వేళ్ళు డస్ట్ క్యాప్ (మధ్యలోని మూత) చుట్టూ సమానంగా ఆనించి, కొద్దిగా లోపలికి మెల్లగా నెట్టి వదలండి. 'కర్ర్' మని రాపిడి తగిలితే వాయిస్ కాయిల్ వంకరైంది, లేదా అయస్కాంతం పక్కకి జరిగింది. పార్సిల్‌లో కింద పడ్డ స్పీకర్లకి వచ్చే జబ్బు ఇది. బయటికి ఏ గీతా కనబడదు. ఒక వేలితో ఒకవైపు మాత్రం నొక్కకండి, మంచి ఊఫర్ కూడా రాసుకుంటుంది. ట్వీటర్ డోమ్‌ల (గుండ్రటి బుడిపెల) మీద మాత్రం వేలు వేయొద్దు.

#8 ఓమ్స్_లెక్క
మీటరు సంగతి విడిగా రాస్తున్నా, ఎక్కువమంది తప్పు చదివేది ఇక్కడే.

ముందు రెండు ప్రోబులూ కలిపి ఎంత చూపిస్తుందో చూసి (0.2, 0.3 వస్తుంది) దాన్ని తీసేయండి. 8 ఓమ్స్ స్పీకరు టెర్మినల్ దగ్గర మామూలుగా 5.5 నుంచి 7 చూపుతుంది, 4 ఓమ్స్‌ది 3, 3.6. కానీ పెట్టె వెనక ఉన్న అంకెని గుడ్డిగా నమ్మొద్దు. ఎల్ఎస్50 మీద 8 అని ఉంటుంది, కనిష్ఠం 3.2 అని కంపెనీయే ఇచ్చింది. కాబట్టి మీటరు 3, 4 మధ్య చూపినా కంగారు వద్దు. అంకె కంటే జత ముఖ్యం. ఎడమకీ కుడికీ తేడా 5 శాతం దాటకూడదు.

685 లాంటి బై-వైర్ స్పీకర్లకి వెనక నాలుగు టెర్మినల్స్ ఉంటాయి. మధ్యనున్న ఇత్తడి పట్టీలు తీసి కొలిస్తే కింది జత ఊఫర్‌ది, అంకె వస్తుంది. పై జత దగ్గర మీటరు ఏమీ చూపదు. ట్వీటర్ పోయిందని ధర తగ్గించమని గొడవ పెట్టుకోకండి. ట్వీటర్‌కి ముందు వరసలో కెపాసిటర్ ఉంటుంది, అది డీసీని రానివ్వదు, అంతే. నిజంగా కొలవాలంటే ట్వీటర్ విప్పి దాని ట్యాగుల దగ్గరే పెట్టాలి.

పెన్సిలు సెల్లుతో: ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ ఒక్క క్షణం తాకిస్తే ఊఫర్ బయటికి రావాలి. ఒకటి బయటికీ ఇంకోటి లోపలికీ పోతే లోపల ఎవరో రిపేరు చేసి వైర్లు తారుమారు చేశారు. అలాంటి జతలో బాస్ పల్చగా ఉంటుంది, పాట ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు.

#9 బొబ్బిలి_తంత్రి
చెవి పరీక్ష నేను చెప్తాను. ఫోన్‌లో పింక్ నాయిస్ (వాన చప్పుడు లాంటి పరీక్ష శబ్దం) పెట్టి యాంప్‌ని మోనోలో ఉంచండి. మోనో బటన్ లేకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లోనే మోనో చేయొచ్చు. బ్యాలెన్స్ నాబు ఎడమకి, కుడికి తిప్పండి. వాన చప్పుడు రెండువైపులా ఒకే రంగులో ఉండాలి. ఒకవైపు మూసినట్టుంటే ఆ వైపు ట్వీటర్ బలహీనం. పాత ట్వీటర్లలో కాయిల్ చుట్టూ ఉండే ఫెర్రోఫ్లూయిడ్ (అయస్కాంత నూనె) చిక్కబడిపోతే ఇలాగే ఉంటుంది: చావదు, నీరసపడుతుంది.

తర్వాత తంబురా శ్రుతి, మోనోలో. రెండు స్పీకర్లకీ సరిగ్గా మధ్యన కూర్చుంటే శ్రుతి మధ్య గాలిలో ఒక చుక్కలాగా నిలబడాలి. అటూఇటూ పాకుతుంటే జత కుదరలేదు. తంబురా జీవాళిలో (తీగ ఝుమ్మనే నాదంలో) పై స్వరాలు ఎన్ని ఉంటాయంటే, ట్వీటర్ లోపం ఏ సినిమా పాట కంటే ముందు అందులో బయటపడుతుంది.

వీణలో మెట్టు మీద తీగ లాగే గమకం చూడండి. 2 నుంచి 4 వేల హెర్ట్జ్ మధ్య ఊఫర్ నుంచి ట్వీటర్‌కి చేతులు మారే చోట క్రాస్ఓవర్ సరిగా లేకపోతే మీటు ఒకచోట, నాదం ఇంకోచోట ఉన్నట్టు వినిపిస్తుంది.

ఒక హెచ్చరిక. విజయనగరం వాళ్ళం, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన ఊరు, ఆయన ఫిడేలు రికార్డు పెట్టి స్పీకరు చూద్దామని చేయి లాగుతుంది. 78 ఆర్‌పీఎం కాలపు రికార్డులు వినడానికే గానీ స్పీకరు పరీక్షకి పనికిరావు. వాటిలో పై ఫ్రీక్వెన్సీలు రికార్డే కాలేదు, చచ్చిన ట్వీటర్ కూడా వాటితో పాసైపోతుంది.

#10 నాగావళి_గట్టు
మూడు జతలూ చూశాను. రీడింగులు, ప్రోబుల నిరోధం తీసేశాక:

ఎల్ఎస్50: రెండింటికీ తేడా 0.1 కూడా లేదు. అంచులు రబ్బరు, మెత్తగా ఉన్నాయి. సీరియల్ నంబర్లు జత. టెర్మినల్స్ మీద పచ్చటి చిలుము. పింక్ నాయిస్ రెండువైపులా ఒకేలా.
685: కింది టెర్మినల్స్ దగ్గర జత సమానం. ఒక పెట్టెకి ఇత్తడి పట్టీలు లేవు. గ్రిల్ గుడ్డ ఒకటి చిరిగింది. పెట్టెలు బాగున్నాయి.
నిలువు జత: ఎడమ 6.2, కుడి 4.9. కుడిదానికి 40 హెర్ట్జ్ టోన్ పెడితే 'టర్ర్' మని సన్నగా వస్తోంది. వాల్యూం తగ్గిస్తే పోతుంది. ఫోమ్ కొత్తదే, మెరుస్తోంది.

#11 ఓమ్స్_లెక్క
నిలువు జత ఒగ్గేయండి.

6.2, 4.9 అంటే 20 శాతం పైగా తేడా. కుడి ఊఫర్ వేరే మోడల్‌ది అయినా అయి ఉండాలి, కాయిల్ తిరగచుట్టింది అయినా అయి ఉండాలి, లేదా కొన్ని చుట్లు కాలి కలిసిపోయి ఉండాలి. మూడింటిలో ఏదైనా అది ఇక జత కాదు. ఆ టర్రు ఫోమ్ అతికించేటప్పుడు కోన్ మధ్యలో నిలవకపోవడం వల్ల. మెరిసే ఫోమ్ చూసి మోసపోయేది ఇందుకే: అంచు కొత్తది, లోపల కాయిల్ గోడకి రాసుకుంటోంది. కొన్నాళ్ళకి ఎనామిల్ పోయి షార్టవుతుంది. షార్టయితే పోయేది మీ యమహా.

#12 రాజాం_కలప
ఫోమ్ వేయడం సరిగ్గా ఎలాగో చెప్పండి ఓమ్స్ గారూ. మా దగ్గర ఒక పాత జత పడి ఉంది.

#13 ఓమ్స్_లెక్క
పాత ఫోమ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నానబెట్టి, గోరుతోనో ప్లాస్టిక్ ముక్కతోనో గీకండి. బ్లేడు కాగితం కోన్‌ని కోసేస్తుంది. బుట్ట (ఊఫర్ లోహపు చట్రం) అంచు మీద పాత జిగురు పూర్తిగా పోవాలి, లేకపోతే కొత్తది ఎగుడుదిగుడుగా కూర్చుంటుంది. డస్ట్ క్యాప్ కోసి తీసి, కాయిల్‌కీ మధ్య ఇనుప కడ్డీకీ మధ్య సందులో నాలుగువైపులా పల్చటి ప్లాస్టిక్ ఫిల్ము ముక్కలు దూర్చండి. అప్పుడు కోన్ మధ్యలో నిలబడుతుంది. ముందు ఫోమ్‌ని కోన్‌కి అతికించి, ఆరాక బుట్టకి. రెండోది అతికించాక ఫిల్ము తీయకుండా 24 గంటలు, వానాకాలంలో 48.

కాగితం కోన్‌కి తెల్ల పీవీఏ జిగురు చాలు. పాలీప్రొపైలీన్ కోన్‌కి అది పట్టదు, దానికి తగిన ప్రైమరూ జిగురూ వేరే కావాలి. ఫెవీక్విక్ ఎక్కడా వాడొద్దు: గాజులాగ గట్టిపడి, కోన్ కదిలిన ప్రతిసారీ పగులుతుంది. ఇంకొకటి, ఫోమ్ తీసి రబ్బరు వేయిస్తే ఎక్కువ కాలం ఉంటుంది కదా అనుకుంటారు. రబ్బరు బరువు వేరు, బిగువు వేరు, ఊఫర్ రెజొనెన్స్ మారిపోతుంది, పెట్టెకీ దానికీ లెక్క తప్పుతుంది. ఫోమ్‌కి ఫోమే.

#14 పలాస_జీడిపప్పు
నా నిలువు స్పీకర్ని ఇంతమంది కలిసి పాడె ఎక్కించారు. సరే, కుడి ఊఫర్ పోయింది, ఒప్పుకున్నా. కానీ 15×20 హాలుంటే మాత్రం పెద్దవే కొనాలని ఇప్పటికీ అంటాను.

#15 కోటగుమ్మం
15×20కి నేనూ అదే అంటాను.

నాగావళి గారూ, ఇక రెండే మిగిలాయి. స్పీకరు వెనక గోడకి ఎంత వదలగలరు? ఎల్ఎస్50 పోర్ట్ వెనకవైపు, 685ది ముందు. తేల్చేది ఇదే.

#16 నాగావళి_గట్టు
10 అడుగుల గోడ వైపే పెట్టాలి. తలుపు తెరుచుకోవాలి కాబట్టి పెట్టె వెనక 10 అంగుళాలు మించి రాదు.

#17 కోటగుమ్మం
అయితే నా ఓటు 685కి. ముందు పోర్ట్, గోడకి దగ్గరగా పెట్టినా పేచీ తక్కువ. 24 వేలల్లో అయిపోతుంది, మిగిలిన 36 వేలు స్టాండ్లకీ గది పనికీ. ఆ టైల్స్ గదికి పరుపులూ పరదాలూ చేసే మేలు ఖరీదైన స్పీకరు కూడా చేయదు. ఇత్తడి పట్టీలు లేకపోతే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు రెండు అంగుళాల ముక్క పెట్టినా అదే పని చేస్తుంది.

#18 ఓమ్స్_లెక్క
నేను ఒప్పుకోను మాస్టారూ. టైల్స్ గదిలో పక్క గోడల నుంచి తిరిగొచ్చే శబ్దమే సగం వింటాం. ఎల్ఎస్50లో ట్వీటర్ ఊఫర్ మధ్యలోనే ఉంటుంది కాబట్టి పక్కకి వెళ్ళే శబ్దం కూడా ముందుకొచ్చేదాని లాగే నున్నగా ఉంటుంది. 685 అల్యూమినియం డోమ్ ఆ గదిలో ఫిడేలుకి కొంచెం పదునెక్కువ పెడుతుంది. వెనక పోర్ట్ సమస్యకి మందు సులువు: పోర్ట్‌లో ఫోమ్ గానీ మడిచిన నూలు సాక్సు గానీ పెట్టడమే. బాస్ తగ్గుతుంది, మీ 56 హెర్ట్జ్ మోతకి అదే కావాలి.

డబ్బు తొందర లేకపోతే ఏటీసీ ఎస్‌సీఎం7 లాంటి అసలు పోర్టే లేని పెట్టెల మీద కూడా కన్నేసి ఉంచండి. గోడ దగ్గర అవి బాగా సర్దుకుంటాయి. 84 డీబీ, బలమైన యాంప్ అడుగుతుంది, మీ 60 వాట్లు అంచు మీద ఉంటాయి.

#19 కోటగుమ్మం
సాక్సు పెట్టి వినే స్పీకరుకి 45 వేలా?

#20 బొబ్బిలి_తంత్రి
కర్ణాటక సంగీతమే ఎక్కువ అన్నారు కదా. గాత్రం, ఫిడేలు, వీణ మూడూ మధ్య స్వరాల్లోనే బతుకుతాయి. అక్కడ ఎల్ఎస్50 మెరుగు. ధర 45 అనగానే ఒప్పుకోకండి. అది 2012లో వచ్చిన మోడల్, 2020లో దాని కొత్త తరం మెటా వచ్చాక పాతదాని ధర దిగాలి. టెర్మినల్స్ మీద చిలుము ఉందన్నారు, అదొక బేరం. గ్రిల్ రాని మోడల్ కాబట్టి డోమ్ మీద వంకర ఉందేమో టార్చి పక్కనుంచి వేసి మళ్ళీ చూడండి. లోహపు డోమ్ సొట్ట పడితే టేపుతో లాగినా, వాక్యూం పెట్టినా సాఫుగా రాదు. ఆ డ్రైవర్లో ట్వీటర్ ఒక్కటే మార్చడమూ తేలిక కాదు.

#21 నాగావళి_గట్టు
డోమ్‌లు శుభ్రంగా ఉన్నాయి. 41 వేలకి ఎల్ఎస్50 ఖాయం చేశాను. విశాఖ నుంచి తేవడం ఎలా? ఆర్టీసీ కార్గోలో వేయొచ్చా?

#22 ఆమదాలవలస_జంక్షన్
ఒక్కోటి 7 కిలోలే కదా, కారులో తెచ్చేయండి. వెనక సీటు మీద, ముఖం సీటు వీపు వైపు, మధ్యలో దళసరి అట్ట. వెనక టెర్మినల్స్ మీద బరువు ఆనకూడదు. సీటు బెల్టు కట్టండి.

కార్గో తప్పనిసరైతే కంపెనీ పెట్టె, దాని బయట ఇంకో పెట్టె, రెండింటి మధ్య అన్నివైపులా రెండు అంగుళాల థర్మాకోల్. నలిపిన న్యూస్ పేపరు దారిలో అణిగిపోతుంది, వద్దు. రెండు స్పీకర్లూ ఒకే పెట్టెలో ఎప్పుడూ వేయకండి, ఒకదాని మూల ఇంకోదాని కోన్‌లో దిగుతుంది. పైన 'గ్లాస్' అని రాయడం వల్ల ఒరిగేదేమీ లేదు, విసిరేవాడు చదవడు.

#23 ఓమ్స్_లెక్క
ఇంటికొచ్చాక కలపకముందు ఒక పని. యాంప్ వేసి, స్పీకర్లు లేకుండా, వాల్యూం సున్నా పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర డీసీ మిల్లీవోల్టులు కొలవండి. 50 లోపు ఉంటే మంచిది. 100 దాటితే స్పీకర్లు కలపకండి, యాంప్ చూపించండి.

చిలుముకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్ బ్రష్. గరుకు కాగితం పెడితే పూత లేచిపోయి ఉప్పు గాలికి ఇంకా బేగి నల్లబడుతుంది. వైరు 2.5 స్క్వేర్ ఎంఎం అసలు రాగి. 5 మీటర్ల దూరానికి రానూపోనూ నిరోధం 0.08 ఓమ్ కూడా ఉండదు, ఇంతకు మించి ఖర్చు పెట్టక్కర్లేదు. రాగి పూత వేసిన అల్యూమినియం చౌకగా ఇస్తారు, తీరం ఊళ్ళలో చివరలు తెల్లగా పూసి పట్టు పోతుంది. చివర గీకి చూడండి, లోపల వెండిరంగు కనబడితే వద్దు.

#24 రాజాం_కలప
స్టాండ్లు కొనకండి, చేయించండి. వెల్డింగ్ షాపులో 3 అంగుళాల చదరపు పైపు, 2 ఎంఎం మందం. పై పలక 6 ఎంఎం ఇనుము, స్పీకరు అడుగు కంటే అర అంగుళం చిన్నది. ఎత్తు ఎంతంటే, కూర్చున్నప్పుడు మీ చెవి నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, అందులోంచి స్పీకరు అడుగు నుంచి డోమ్ మధ్య దాకా ఉన్న ఎత్తు తీసేయండి. చాలామందికి 28 నుంచి 30 అంగుళాలొస్తుంది.

అడుగుకి గ్రానైటు. టెక్కలి వైపు నీలం గ్రానైటు కోసిన చోట ముక్కలు మిగులుతాయి, 18, 20 ఎంఎం మందంవి, ఒక అడుగు చదరం చాలు. ఇనుప అడుగు పలకని దాని మీద ఎపాక్సీతో అతికించండి, కింద మూడు రబ్బరు పాదాలు. మూడే ఎందుకంటే టైల్స్ ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు కాళ్ళు ఊగవు. పైపు లోపల ఇసుక నింపాలి, లేకపోతే పైపే గంటలా మోగుతుంది. నాగావళి ఇసుక జల్లించి, బాణలిలో వేయించి, చల్లారాక పోయండి. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పుకి లోపల నుంచి తుప్పు తింటుంది, మీకు తెలిసేసరికి వెల్డింగు ఊడిపోతుంది. పూర్తిగా నింపకండి, మూడొంతులు చాలు.

#25 నాగావళి_గట్టు
స్టాండ్లు రాజాం గారు చెప్పినట్టే చేయించి స్పీకర్లు నిలబెట్టాను. యాంప్ డీసీ 12 మిల్లీవోల్టులు. గాత్రం అద్భుతం. రెండు ఇబ్బందులు: చప్పట్లు కొడితే గదిలో 'టింగ్' మని తోక వస్తోంది, పాటలో 'స' అక్షరం పదునుగా ఉంది. రెండోది, మృదంగం తొప్పి కొన్ని చోట్ల ఉబ్బుతోంది.

#26 కోటగుమ్మం
మొదటిది ఎదురెదురు గోడల మధ్య ప్రతిధ్వని. పక్క గోడల మీద మొదట తగిలే చోటు వెతకండి: మీరు కూర్చోండి, ఇంకొకరు గోడ వెంట చిన్న అద్దం జరుపుతుంటే, ఏ చోట మీకు అద్దంలో స్పీకరు కనబడుతుందో అక్కడ. బూరుగు దూది పరుపు రెండు అంగుళాలది, రెండడుగులు వెడల్పు నాలుగడుగులు ఎత్తు, చట్రానికి బిగించి గోడకి రెండు అంగుళాలు ఎడంగా వేలాడదీయండి. ఆ ఎడం కూడా పని చేస్తుంది, గోడకి అతికించేస్తే సగం పోతుంది. నేల మీద స్పీకర్లకీ మీకూ మధ్య దళసరి జంపఖానా. కిటికీకి బరువైన పరదా, రెండింతలు కుచ్చుతో. పొందూరు ఖాదీ సన్నది వేస్తే అందమే గానీ శబ్దాన్ని పీల్చదు. 685 గ్రిల్ చిరిగిందన్నారే, అలాంటి చోటికైతే ఆ గుడ్డ బాగుంటుంది, నోటికి ఆనించి ఊదితే గాలి తేలిగ్గా పోవాలి, అంతే.

#27 ఓమ్స్_లెక్క
ఉబ్బుకి: ఇప్పుడు మీ కుర్చీ వెనక గోడకి ఆనుకుని ఉందనుకుంటున్నా. గోడ దగ్గర అన్ని బాస్ మోతలూ గరిష్ఠంగా ఉంటాయి. సరిగ్గా గది మధ్యలో 47 మాయమైపోతుంది. రెండూ వద్దు. వెనక గోడకి మూడు నుంచి నాలుగున్నర అడుగుల మధ్య ఆరేసి అంగుళాలు జరుపుతూ ఒకే మృదంగం ముక్క వినండి. స్పీకర్ల మధ్య 6 అడుగులు, పక్క గోడలకి రెండేసి. లాప్‌టాప్ ఉంటే రూమ్ ఈక్యూ విజార్డ్ ఉచితం, ఫోన్ మైకు అంకె తప్పు చెప్పినా ఒక చోటికీ ఇంకో చోటికీ తేడా సరిగ్గానే చెప్తుంది.

పోర్ట్‌లో సాక్సు పెట్టారా?

#28 నాగావళి_గట్టు
పెట్టాను. కుర్చీ నిజంగానే గోడకి ఆనుకుని ఉంది. మూడున్నర అడుగులు ముందుకి జరిపితే ఉబ్బు చాలావరకు పోయింది, కానీ ఇప్పుడు బాస్ కొంచెం ఎండిపోయినట్టుంది.

#29 ఓమ్స్_లెక్క
అయితే ఒక స్పీకరుకి కాదు, రెండింటికీ సాక్సు సగం బయటికి లాగండి. అప్పటికీ ఎండినట్టుంటే పూర్తిగా తీసేయండి. గోడకి 10 అంగుళాలున్నా కుర్చీ సరైన చోట పడితే చాలా గదుల్లో సాక్సు అవసరం రాదు.

#30 కోటగుమ్మం
నేనన్నది అదే. 45 వేల స్పీకరుకి సాక్సు ఏమిటని.

#31 పలాస_జీడిపప్పు
41 వేలు మాస్టారూ, 41.